కనిపించని పురుగుకు పేరు పెట్టిన మనిషి
(నవహో నాయకురాలు ఆనీ డాడ్జ్ వానీకా జీవితం)

— ద్వితీయ బి.ఎస్సీ. (బి.జడ్.సి.) విద్యార్థి

మందు కనిపెట్టడం ఒక ఎత్తు. ఆ మందు రోగి నోట్లోకి చేరడం ఇంకొక ఎత్తు. మొదటి పని చేసినవారి పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో ఉంటాయి. రాబర్ట్ కాక్ 1882లో క్షయ క్రిమిని కనుక్కున్నాడనీ, 1943లో స్ట్రెప్టోమైసిన్ వెలుగులోకి వచ్చిందనీ, 1952లో ఐసోనియాజిడ్ వాడుకలోకి వచ్చిందనీ పరీక్షల కోసం అందరం చదువుతాం. రెండో పని చేసినవారి పేర్లు మాత్రం ఏ సిలబస్‌లోనూ ఉండవు. వాళ్ళు ప్రయోగశాలకూ పూరింటికీ మధ్య తిరిగినవాళ్ళు. ఇటు చెప్పింది అటు, అటు చెప్పింది ఇటు మోసినవాళ్ళు.

అలాంటివారిలో ఎన్నదగిన మనిషి అమెరికాలోని నవహో జాతికి చెందిన ఆనీ డాడ్జ్ వానీకా (1910–1997). ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు. గొర్రెలు కాచిన పిల్ల, పెద్ద సంసారం ఈదిన ఇల్లాలు. బడిలో చదివింది పదకొండో తరగతి వరకు. అయినా తన జాతిని పీల్చి పిప్పి చేస్తున్న క్షయవ్యాధి మీద ఆమె సాగించిన పోరాటం విజ్ఞానశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినది. ఆ కథను నాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరిస్తాను.

నవహోలు ఎవరు?

మన చిన్నప్పటి పుస్తకాల్లో వీళ్ళందరినీ కలిపి "రెడ్ ఇండియన్లు" అని రాసేవారు. కొలంబస్ చేసిన పొరపాటు అలా మన దాకా వచ్చింది. నిజానికి వాళ్ళు ఒక జాతి కాదు, వందలాది జాతులు. ఎవరి భాష వారిది, ఎవరి ఆచారం వారిది. వాటిలో పెద్ద జాతుల్లో ఒకటి నవహో. అది పైవాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమను తాము "దినే" అనుకుంటారు. అంటే "జనం" అని అర్థం.

వాళ్ళ భూమి ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరచుకొని ఉంది. దాన్ని రిజర్వేషన్ అంటారు. మనకు ఆ మాట వినగానే సీట్లు, ఉద్యోగాలు గుర్తుకొస్తాయి. అక్కడ ఆ అర్థం లేదు. ఒడంబడికల ద్వారా ఒక జాతికి కేటాయించిన భూభాగమే అక్కడ రిజర్వేషన్. నవహో రిజర్వేషన్ విస్తీర్ణం సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ విస్తీర్ణంలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. కాని అందులో ఎక్కువ భాగం ఎర్రరాతి గుట్టలు, ఇసుకనేల, ముళ్ళపొదలు. వాన చాలా తక్కువ. అందుకే వాళ్ళకు గొర్రెలే ప్రాణాధారం.

వాళ్ళ సంప్రదాయ గృహాన్ని "హోగన్" అంటారు. దుంగలు పేర్చి, మట్టి మెత్తి, గుండ్రంగానో ఆరు, ఎనిమిది మూలలుగానో కడతారు. గది ఒకటే. వాకిలి ఎప్పుడూ తూర్పుకే. పొగ పోవడానికి కప్పు మధ్యలో కంత ఉంటుంది. వంశం తల్లి వైపు నుంచి లెక్క. బిడ్డ తల్లి గోత్రంలో పుడుతుంది. గొర్రెల మందలో తల్లికి తన వాటా ఉంటుంది. ఇద్దరు నవహోలు కొత్తగా కలుసుకుంటే ముందు చెప్పుకునేది ఉద్యోగం కాదు, తల్లి గోత్రం ఏది, తండ్రి గోత్రం ఏది అన్నది. ఆడమనిషి మాటకు ఇంట్లో విలువ ఉన్న సమాజం అది. అయితే ఇంటి బయట, సభల్లో, ఆ విలువ అంత తేలికగా దక్కలేదని ఆనీ కథే చెబుతుంది.

తండ్రి చేతి తాడు

ఆనీ తండ్రి పేరు హెన్రీ చీ డాడ్జ్. ఆయన బాల్యం గురించి తెలుసుకోకపోతే ఆనీ పట్టుదల ఎక్కడిదో అర్థం కాదు. 1864లో అమెరికా సైన్యం నవహోల పంటలు తగలబెట్టి, మందలను చంపి, ఆకలికి లొంగదీసి, ఎనిమిది వేలమందికి పైగా జనాన్ని కాలినడకన సుమారు 500 కిలోమీటర్లు తోలుకుపోయింది. ముసలివాళ్ళు, గర్భిణులు దారిలోనే రాలిపోయారు. న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్ శిబిరంలో ఉప్పునీళ్ళు తాగి, పండని నేల దున్ని, జబ్బులతో ఇంకెందరో చనిపోయారు. దీన్నే చరిత్రలో "సుదీర్ఘ పయనం" అంటారు. ఆ శిబిరంలో పెరిగిన దిక్కులేని పిల్లల్లో చీ డాడ్జ్ ఒకడు.

1868 జూన్ 1న ఒడంబడిక కుదిరి నవహోలు తిరిగి సొంతగడ్డకు వచ్చారు. ఆ తర్వాత చీ డాడ్జ్ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. రెండు భాషలూ వచ్చినవాడు అప్పట్లో అరుదు. అందుచేత ప్రభుత్వ దుబాసీ అయ్యాడు. గొర్రెలు, పశువులు కూడబెట్టి సంపన్నుడయ్యాడు. 1923లో నవహో తెగమండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. రెండు భాషల మధ్య నిలబడి జాతిని కాచిన మనిషి ఆయన. దుబాసీ కూతురు కూడా వేరే రకం దుబాసీ కావడం యాదృచ్ఛికం కాదనుకుంటాను.

ఆనీ 1910 ఏప్రిల్‌లో ఆరిజోనాలో ఒక హోగన్‌లో పుట్టింది. తల్లి పేరు కీహబా. ఆనీ పసిపిల్లగా ఉండగానే తండ్రి ఇంటికి చేరి సవతి తోబుట్టువుల మధ్య పెరిగింది. కలవారి ఇల్లే అయినా ఆనీ పని గొర్రెలు కాయడం. తెల్లవారకముందే లేచి మందను తోలుకుపోవలసిందే. తండ్రి ఇంట్లో పంచాయతీల కోసం వచ్చేవాళ్ళ మాటలు వింటూ పెరగడం ఆమె అసలు చదువు.

1947లో చీ డాడ్జ్ చనిపోయాడు. తాను ఇన్నాళ్ళు తిన్నగా పట్టుకొచ్చిన తాడును కింద పడనీయవద్దని, జారితే మీలో ఎవరో ఒకరు వెంటనే అందుకోవాలని పిల్లలకు చెప్పాడట. ఆ తాడు అందుకున్నది లాయరైన పెద్ద కొడుకు కాదు, గొర్రెలు కాచిన ఈ కూతురు.

బడి: ఒక చేత్తో ఇచ్చి, ఒక చేత్తో తీసుకుంది

1868 ఒడంబడికలో ప్రతి ముప్పైమంది పిల్లలకు ఒక టీచరును, ఒక బడిని ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ మాట దశాబ్దాలు గడిచినా సరిగ్గా నిలబెట్టుకోలేదు. పెట్టిన బళ్ళు కూడా ఇంటికి దూరంగా ఉండే హాస్టలు బళ్ళు. పిల్లల జుట్టు కత్తిరించి, యూనిఫారం తొడిగి, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. విశేషమేమంటే, రెండో ప్రపంచ యుద్ధంలో జపానువారు ఛేదించలేకపోయిన రహస్య సంకేతాలు అల్లడానికి అమెరికా సైన్యం వాడుకున్నది అదే నవహో భాషను. బడిలో మాట్లాడితే దెబ్బలు తెచ్చిన మాట యుద్ధంలో సైనికుల ప్రాణాలు కాపాడింది.

ఆనీ ఎనిమిదేళ్ళ వయసులో, 1918లో, ఫోర్ట్ డిఫయన్స్ బడిలో చేరింది. తండ్రి తరం జనాన్ని పోగుచేసి శిబిరానికి నడిపించిన పాత సైనిక స్థావరం అదే. ఆమె చేరిన ఏడాదే ప్రపంచమంతటినీ ఊపేసిన ఇన్‌ఫ్లుయెంజా ఆ బడిని కూడా చుట్టుకుంది. పిల్లలు అనేకమంది చనిపోయారు. ఆనీకి జ్వరం తేలికగా వచ్చి పోయింది. లేచి తిరగగలిగిన కొద్దిమందిలో ఆమె ఒకతె. అక్కడున్న నర్సు వెంట తిరిగి కిరోసిన్ లాంతర్లు తుడవడం, మంచాన పడ్డ పిల్లలకు గంజి తాగించడం చేసింది. తర్వాత కొన్నేళ్ళకు అదే బడిలో ట్రకోమా అనే కంటిజబ్బు వ్యాపించింది. తోటి పిల్లలు చూపు పోగొట్టుకోవడం దగ్గర నుంచి చూసింది. జబ్బు అంటే ఏమిటో పుస్తకంలో చదవకముందే ఆమెకు తెలిసింది.

ఆ తరువాత ఆల్బకర్కీ నగరంలోని ఇండియన్ స్కూలులో పదకొండో తరగతి వరకు చదివింది. ఇంగ్లీషు బాగా పట్టుబడింది అక్కడే. అక్కడే పరిచయమైన జార్జ్ వానీకాను 1929లో నవహో సంప్రదాయం ప్రకారం పెళ్ళి చేసుకుంది. చదువుకున్న పిల్లల్లో చాలామంది నగరాల దారి పట్టే రోజుల్లో ఈ దంపతులు తిరిగి పల్లెకే వచ్చారు. తండ్రి పశువుల క్షేత్రం చూసుకుంటూ, క్లాగెటో అనే ఊరి దగ్గర కాపురం పెట్టారు.

గొర్రెల కోత

1930లలో నవహోల మీద ఇంకొక పిడుగు పడింది. మందలు పెరిగి పచ్చిక హరించుకుపోయి, నేల కోసుకుపోతోందని, ఆ మన్ను కొలరాడో నది మీద కొత్తగా కడుతున్న పెద్ద ఆనకట్టలో పూడిక పోస్తుందని ప్రభుత్వం తేల్చింది. గొర్రెలను, మేకలను తగ్గించాలని ఉత్తర్వు వేసింది. కొన్నిచోట్ల మేకలను తోలుకుపోయే వీలులేక అక్కడికక్కడే కాల్చి వదిలేశారు. పాడిపశువును సంతకు తోలిన ఇంట్లో ఆ రాత్రి పొయ్యి ఎలా ఉంటుందో రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. కళ్ళముందే మందను చంపుతుంటే ఆ ఆడవాళ్ళ గుండె ఎలా తరుక్కుపోయి ఉంటుందో ఊహించవచ్చు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నేల కోసుకుపోతున్నదన్నది అబద్ధం కాదు. శాస్త్రం దృష్ట్యా అధికారుల భయానికి ఆధారం ఉంది. కాని "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అన్నట్టు, వాళ్ళు జనానికి చెప్పిన తీరు, చేసిన తీరు రెండూ దుర్మార్గంగా ఉన్నాయి. పర్యవసానంగా నవహోలకు ఆ శాస్త్రం మీదే నమ్మకం పోయింది. ఆ రోజుల్లో ఆనీ తండ్రి వెంట ఊరూరి సభలకు తిరిగింది. మట్టినేల మీద పడుకునే పిల్లలను, మైళ్ళ దూరం నుంచి పీపాల్లో తెచ్చుకునే నీళ్ళను, దగ్గుతూ మూలన పడుకున్న ముసలివాళ్ళను చూసింది. నిజం చెప్పడం ఒక్కటే చాలదు, నిజాన్ని నమ్మేటట్టు చెప్పాలి. ఆమె తర్వాతి జీవితమంతా ఈ ఒక్క పాఠం మీదే నిలిచింది.

ఇంట గెలిచి రచ్చ గెలిచి

1951లో ఆనీ తెగమండలికి ఎన్నికైంది. 74 మంది సభ్యుల సభలో ఆమె ఒక్కతే స్త్రీ. ఆమెకు ముందు 1946లో లిలీ నీల్ అనే ఆమె ఎన్నికై దారి వేసింది. కనుక ఆనీ మొదటి మహిళ అని కొందరు రాసేది సరికాదు. రెండోసారి పోటీ చేసినప్పుడు ఆమె మీద నిలబడ్డవాళ్ళలో స్వయానా ఆమె భర్త కూడా ఉన్నాడు! ఓటర్లు భార్యనే గెలిపించారు. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్న సామెత ఇంత సూటిగా వర్తించిన సందర్భం ఇంకొకటి ఉండదేమో. కాపురానికి మాత్రం ఏ లోటూ రాలేదు. ఆమె తిరుగుళ్ళలో ఉన్నప్పుడు ఇల్లు, మంద చూసుకున్నది ఆయనే.

మండలి ఆమెకు ఆరోగ్య సంఘం బాధ్యత అప్పగించింది. అప్పటికి నవహోలలో క్షయ మరణాలు దేశపు సగటుకు ఎన్నో రెట్లు. ఆసుపత్రుల్లో మంచాలు చాలక రోగులను దూరపు రాష్ట్రాల శానిటోరియాలకు పంపేవారు. వాళ్ళలో చాలామంది నయం కాకుండానే పారిపోయి వచ్చి, ఒకే గదిలో పదిమందితో పడుకునేవారు. డాక్టర్లు విసుక్కున్నారు. మూఢజనం, చెప్పినా వినరు అన్నారు.

ముందు తాను నేర్చుకుంది

ఆనీ చేసిన మొదటి పని ఉపన్యాసం ఇవ్వడం కాదు. తనకు తెలియనిది ఇతరులకు చెప్పలేనని, దాదాపు మూడు నెలలు ఆసుపత్రులలో డాక్టర్ల వెంట ఉండి నేర్చుకుంది. ఎక్స్‌రేలు చూసింది. సూక్ష్మదర్శిని కింద క్షయ క్రిమిని తన కంటితో చూసింది.

మన జువాలజీ ల్యాబులో స్లైడు చూసినవాళ్ళకు ఆమె ఏమి చూసిందో చెప్పడం సులభం. క్షయ క్రిమికి చుట్టూ మైనంలాంటి మందపు పొర ఉంటుంది. మామూలు రంగులు దానికి అంటవు. కార్బాల్ ఫుక్సిన్ వేసి వేడిచేస్తే ఎర్రరంగు లోపలికి దిగుతుంది. ఆ తర్వాత ఆమ్లంతో కడిగినా వదలదు. మిగతా కణాలన్నీ రంగు కోల్పోయి నీలిరంగు పట్టుకుంటే, ఆ నీలి నేపథ్యం మీద ఈ క్రిములు సన్నని ఎర్రని పుల్లల్లా కనబడతాయి. దీన్నే జీల్–నీల్సన్ పద్ధతి అంటారు.

ఆ మైనపుపొరే క్షయవ్యాధి మొండితనానికి ఒక కారణం. ఇంకొక కారణం దాని నెమ్మది. మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనుకూల పరిస్థితుల్లో ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. క్షయ క్రిమికి అదే పనికి పదిహేను నుంచి ఇరవై గంటలు పడుతుంది. పెరిగే క్రిమి మీదే మందు బాగా పనిచేస్తుంది. నిద్రపోతున్నట్టున్న క్రిమిని చంపాలంటే నెలల తరబడి మందు వాడుతూ ఉండాలి. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది గదా అని మధ్యలో ఆపేస్తే, మిగిలిన క్రిముల్లో మందుకు లొంగనివి పెరిగి మళ్ళీ పైకి లేస్తాయి. ఆసుపత్రి నుంచి పారిపోవడం ఎంత ప్రమాదమో ఇప్పుడు అర్థమవుతుంది. కాని రోగికి ఈ సంగతి చెప్పినవాడెవడు?

మాట పుట్టించడం

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. నవహో భాషలో సూక్ష్మజీవికి మాట లేదు. కంటికి కనబడని జీవి మనిషిని చంపుతుందన్న ఊహే వాళ్ళకు కొత్త. పిడుగు పడ్డ చెట్టును తాకితే ఈ జబ్బు వస్తుందని పెద్దలు నమ్మేవారు. దుబాసీలు డాక్టరు పది నిముషాలు చెప్పినదాన్ని "నీకు జబ్బుట, ఇక్కడే ఉండాలిట" అని తేల్చేసేవారు. ఇక రోగి పారిపోక ఏం చేస్తాడు? పైగా నవహోలు చావు జరిగిన చోటును దగ్గరికి రానివ్వరు. హోగన్‌లో మనిషి చనిపోతే ఆ ఇంటినే వదిలేస్తారు. రోజూ మనుషులు చచ్చిపోయే ఆసుపత్రిలో నెలల తరబడి పడుకోమంటే వాళ్ళకు అది శ్మశానంలో పడుకోమన్నట్టే. అది మొండితనం కాదు, భయం.

ఆనీ డాక్టర్లతో కూర్చుని ఒక్కొక్క వైద్యపదానికి నవహోలో మాట కట్టింది. క్షయ క్రిములకు "శరీరాన్ని తినేసే పురుగులు" అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. గొర్రెల పెంపకం తెలిసినవాడికి పురుగు తినడం అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఊపిరితిత్తుల్లో పురుగు దూరి తింటున్నది, దగ్గితే తుంపరలతో బయటికి వచ్చి పక్కవాడి గుండెల్లో చేరుతుంది, మందు దాన్ని చంపుతుంది, మధ్యలో ఆపితే మిగిలిన పురుగులు మళ్ళీ పిల్లలు పెడతాయి. అంతే. ఒక పాఠ్యపుస్తకపు అధ్యాయమంతా నాలుగు వాక్యాల్లో, అబద్ధం లేకుండా ఇమిడింది.

మన మాటను కూడా ఒకసారి చూడండి. "క్షయ" అంటే తరిగిపోవడం. రోగి ఎలా కనబడతాడో ఆ మాట చెబుతుంది, ఎందుకలా అవుతున్నాడో చెప్పదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి మనిషిని పంపిన కుటుంబాల్లో, అది క్రిమి వల్ల వచ్చే జబ్బని కాక కర్మఫలమనో, వంశపు జబ్బనో అనుకున్నవారు ఎందరో. ఆనీ కట్టిన మాటలో జబ్బుకు కారణమే ఉంది. పేరులోనే పాఠం ఇమిడ్చడం సామాన్యమైన పని కాదు.

మంత్రగాడా, శత్రువా?

నవహోలలో వైద్యం చేసే పెద్దలను "హతాలీ" అంటారు. పాడేవాడు అని అర్థం. రోగి చుట్టూ బంధువులు కూడి ఉండగా, రంగురంగుల ఇసుకతో నేల మీద చిత్రాలు వేసి, రాత్రుల తరబడి పాటలు పాడి, చెదిరిన జీవితాన్ని మళ్ళీ పొందికలోకి తేవడం వాళ్ళ పద్ధతి. చాలామంది అధికారులు వీళ్ళను మోసగాళ్ళుగా చూశారు. ఆనీ అలా చూడలేదు. వాళ్ళతో కూర్చుంది. వాదించింది. ఎక్స్‌రేలు చూపించింది, సూక్ష్మదర్శినిలో క్రిమిని చూపించింది. కళ్ళతో చూసిన పెద్దలను కాదని చెప్పడం జనానికి కష్టం గదా!

ఇటు డాక్టర్లకు కూడా ఆమె పాఠం చెప్పింది. రోగి మనసులోని భయం పోవడానికి పాట కావాలి, పురుగు చావడానికి మందు కావాలి. రెంటికీ పోటీ లేదు. ఒకటి చేయించుకుంటే రెండోది మానుకోవాలనకండి అని నచ్చజెప్పింది. క్రమేణా హతాలీలే దగ్గేవాళ్ళను ఆసుపత్రికి వెళ్ళమనే స్థితి వచ్చింది.

ఆమె దుమ్మురోడ్ల మీద హోగన్ హోగన్‌కూ తిరిగి పారిపోయిన రోగులను వెతికి, బతిమాలి, కొన్నిసార్లు కోప్పడి వెనక్కి పంపింది. దూరపు శానిటోరియాలలో ఒంటరిగా ఉన్నవాళ్ళను వెళ్ళి పలకరించింది. గాలప్ పట్టణం రేడియో కేంద్రం నుంచి నవహో భాషలో ఆరోగ్య ప్రసంగాలు చేసింది. నీళ్ళు కాచి తాగడం, పసిపిల్లల సాకడం, మరుగుదొడ్డి, మట్టినేలకు బదులు గచ్చు, ఇవన్నీ ఆ ప్రసంగాల్లో వచ్చేవి.

మద్రాసు నుంచి ఒక సాక్ష్యం

ఇదే కాలంలో నవహోలకు వేల మైళ్ళ దూరాన, మన పక్కనే మద్రాసులో, ఇదే ప్రశ్నకు ఇంకొక దారిలో సమాధానం వెతికారు. 1956లో అక్కడి క్షయ పరిశోధన కేంద్రంలో ఒక ప్రయోగం మొదలైంది. కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చి మందులు వాడారు. కొందరికి అవే మందులు ఇరుకు ఇళ్ళలోనే ఇచ్చి, పర్యవేక్షించారు. 1959లో ఫలితాలు ప్రచురించారు. ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా దాదాపు అంతే బాగా నయమైంది. ఇంటివాళ్ళకు అదనంగా ప్రమాదమూ పెరగలేదు. ప్రపంచమంతటా శానిటోరియాల అవసరం తగ్గడానికి ఈ ప్రయోగం ముఖ్య కారణమైంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. రోగిని ఇంటి నుంచి వేరు చేయడం కాదు ప్రధానం, మందును రోజూ తప్పకుండా మింగించడం ప్రధానం. అందుకు రోగికి సంగతి తెలియాలి, చెప్పేవారి మీద నమ్మకం ఉండాలి. మద్రాసులో అంకెలతో తేలినదాన్ని ఆనీ హోగన్ల మధ్య అనుభవంతో గ్రహించింది.

కీర్తి, వివాదం

1963 జూలైలో అధ్యక్షుడు కెనడీ ఆమెను దేశపు అత్యున్నత పౌర పురస్కారమైన స్వాతంత్ర్య పతకానికి ఎంపిక చేశాడు. నవంబరులో కెనడీ హత్య జరగడంతో, డిసెంబరు 6న దానిని కొత్త అధ్యక్షుడు జాన్సన్ అందజేశాడు. ఆ పతకం పొందిన తొలి అమెరికన్ ఆదివాసి ఆమె. 1976లో ఆరిజోనా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1984లో నవహో మండలి ఆమెను తమ జాతి మాతగా గౌరవించింది. 1997 నవంబరులో 87వ ఏట ఆమె కన్నుమూసింది.

అయితే ఆమెను దేవతను చేసి గుడిలో కూర్చోబెట్టడం న్యాయం కాదు. ఆమె ముక్కోపి. 1968లో మండలి సమావేశానికి వచ్చిన ఒక న్యాయసహాయ సంస్థ అధికారి తన ప్రశ్న విని నవ్వాడని, మరునాడు అందరి ముందూ ఆయన్ను కొట్టింది. మండలి ఆయన్ను రిజర్వేషన్ నుంచి వెళ్ళగొడితే, ఆ బహిష్కరణ చెల్లదని ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. అలాగే పెయోటీ అనే మొక్కను పూజలో వాడే మతశాఖను ఆమె గట్టిగా వ్యతిరేకించింది. హతాలీల పాటను అంత ఓర్పుతో విన్న మనిషి, తన జాతిలోనే మరొకరి ఆరాధనను ఓర్వలేకపోయింది. మంచి పని చేసిన మనుషులకు కూడా ఎరుక చేరని మూలలు ఉంటాయని ఇది చెబుతుంది. ఆమె గొప్పతనం తప్పులు లేకపోవడంలో లేదు. అవతలివాడి భయాన్ని అర్థం చేసుకొనేందుకు, అందరికంటే ఎక్కువగా శ్రమపడటంలో ఉంది.

పని పూర్తి కాలేదు కూడా. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అమెరికాలో అతి తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో నవహో రిజర్వేషన్ ఒకటి. చేతులు కడుక్కోండి అని ప్రపంచమంతా చెబుతుంటే, అక్కడ వేలాది ఇళ్ళకు కుళాయి లేదు. మాట చేరాక నీళ్ళు కూడా చేరాలి. ఆ రెండో పని ప్రభుత్వాలది.

విద్యార్థి మిత్రులకు

ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఆడవాళ్ళు ఏదైనా సాధించగలరన్నది ఒకటి. అది నిజమే గాని, అంతటితో ఆగిపోతే ఈ కథకు అన్యాయం చేసినట్టే. సైన్సు చదివేవాళ్ళకు ఇందులో ప్రత్యేకంగా ఒక ప్రశ్న ఉంది.

మనలో అత్యధికులం పల్లెల నుంచి వచ్చాం. ఇంగ్లీషులో నోట్సు రాసుకుంటాం, ఇంగ్లీషులో పరీక్ష రాస్తాం. సెలవులకు ఇంటికి వెళితే అక్కడ ఇంకా కుక్క కరిస్తే పసరు పోస్తున్నారు, పామును పట్టుకొని మంత్రం కోసం పరుగెడుతున్నారు, పురుగుమందు డబ్బా కడిగి అందులో నీళ్ళు పోసుకుంటున్నారు. టి.బి. మందులు ఉచితంగా దొరుకుతున్నా రెండు నెలలకే మానేసేవాళ్ళు ఉన్నారు. "వాళ్ళు చదువులేనివాళ్ళు, చెప్పినా వినరు" అని అనుకోవడం సులువు. 1951లో ఆ డాక్టర్లూ అదే అనుకున్నారు. తప్పు వినేవాడిలో ఉందా, చెప్పే మాటలో ఉందా అని ఆనీ ఒక్కతే అడిగింది.

మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ లక్షణాలు రాయమంటే మనం రెండు పేజీలు రాయగలం. అదే విషయాన్ని బడిమెట్లు ఎక్కని ఒక ముసలమ్మకు, ఆమె మాటల్లో, ఆమె నవ్వకుండా, భయపడకుండా, అబద్ధం కలపకుండా నాలుగు వాక్యాల్లో చెప్పగలమా? చెప్పగలిగిననాడే ఆ పాఠం మనకు వచ్చినట్టు. మన అధ్యాపకులు పెట్టే పరీక్షకు మార్కులు ఉంటాయి. ఈ పరీక్షకు మార్కులు ఉండవు. ఫలితం మాత్రం ఒక ప్రాణం.

ఈ ఏడు మన కళాశాల విద్యార్థి సంఘం చేపట్టే గ్రామసేవా శిబిరాల్లో రోడ్లు ఊడ్చడంతోపాటు ఈ పని కూడా ఒకటి చేర్చుకుంటే బాగుంటుంది. ఒక్కొక్కరం మనం చదివిన పాఠాల నుంచి ఊరికి పనికొచ్చే సంగతి ఒక్కటి ఎన్నుకుందాం. దానికి ఊరి మాట వెతుకుదాం. దొరకకపోతే ఊరివాళ్ళనే అడిగి కట్టుకుందాం. మూడు నెలలు నేర్చుకున్నాకే నోరు విప్పిన ఆ నవహో ఇల్లాలి ఓర్పులో కొంత అలవరచుకుంటే చాలు. మన డిగ్రీ కాగితం మన ఊళ్ళో కూడా చెల్లుతుంది.